ఎండ 45 దాటే ఊళ్ళో కంప్యూటర్ ఫ్యాన్ ఎన్నాళ్ళు తిరుగుతుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలంలో కంప్యూటర్లు, టీవీలు, ఇన్వర్టర్లు ఎలా చూసుకోవాలో ఈమధ్య మీ పేపర్లో రాశారు. బాగానే ఉంది గానీ మొదటి సలహానే "గదిని చల్లగా ఉంచుకోండి" అని. మాకు కుదరనిదే అది. మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్, కాజీపేట వైపు నుంచి రైల్లో వస్తే బల్లార్షా స్టేషన్ అంటారే, అదే. పేపర్ మిల్లుకీ బొగ్గు గనులకీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. వేసవిలో 45 డిగ్రీలు దాటడం మాకు వార్త కాదు, అర్ధరాత్రి గోడ మీద చెయ్యి వేసినా వేడిగానే ఉంటుంది. ఏసీ ఉన్నా అది పడకగదిలో ఉంటుంది, కంప్యూటరూ సెట్‌టాప్ బాక్సూ సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డబ్బా, అదే డీవీఆరూ, హాల్లోనో దుకాణంలోనో ఉడుకుతుంటాయి.

చాలామంది కంప్యూటర్లో ఫ్యాన్ ఉంది కదా, అదే చల్లబరుస్తుందిలే అనుకుంటారు. ఫ్యాన్ చల్లదనం పుట్టించదండీ, లోపలి వేడిని బయటికి తోస్తుంది, అంతే. గది 27 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్, 70 దగ్గర ఉంటే, అదే పనికి అదే ఫ్యాన్‌తో 42 డిగ్రీల గదిలో దాదాపు 85కి వెళ్తుంది. ల్యాప్‌టాప్‌లలో 100 దగ్గరికి రాగానే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, మనమేమో వైరస్ పట్టిందని తిట్టుకుంటాం. అంటే మా దగ్గర ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగినా అంతంతమాత్రమే, ఇక అది కాస్త నెమ్మదించిందంటే చెప్పేదేముంది.

ఆ నెమ్మదించడం బేరింగ్‌లో, అంటే ఫ్యాన్ ఇరుసు తిరిగే చోట మొదలవుతుంది. చవక ఫ్యాన్లలో స్లీవ్ బేరింగ్ ఉంటుంది, నూనె పీల్చుకున్న చిన్న లోహపు గొట్టంలో ఇరుసు తిరుగుతుంది. కొత్తలో చప్పుడే ఉండదు, అందుకే కొనేటప్పుడు ముచ్చటగా ఉంటుంది. వేడికి ఆ నూనె ఎండిపోతే గరగర మొదలై, ఒకరోజు పొద్దున స్విచ్ వేస్తే రెక్క కదలదు, వేలితో తోస్తే తిరుగుతుంది. ఇరుసు చిన్న గుండ్ల మీద తిరిగే బాల్ బేరింగ్ ఫ్యాన్‌కి మొదటినుంచీ కొంచెం చప్పుడుంటుంది గానీ వేడిని ఎక్కువకాలం తట్టుకుంటుంది. మామూలుగా స్లీవ్ రకానికి 30 వేల గంటలు, బాల్ రకానికి 50 వేలు, ఆ పైన అని చెప్తారు. 30 వేలంటే చాలా అనిపిస్తుంది కదా, ఏడాదికి 8,760 గంటలు, రాత్రింబవళ్ళు తిరిగే డీవీఆర్ ఫ్యాన్‌కి మూడున్నరేళ్ళు కూడా రాదు. పైగా ఆ లెక్క ఎక్కువగా 40 డిగ్రీల దగ్గర కట్టింది, కొందరైతే 25 దగ్గరే కడతారు. అద్దాల అలమరలో పెట్టి తలుపేసిన డీవీఆర్ చుట్టూ మే నెలలో గాలి ఎంత వేడిగా ఉంటుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. 60 డిగ్రీల దగ్గర లెక్క కట్టి ఆయుష్షు చెప్పే ఫ్యాన్లూ ఉన్నాయి, జపాన్ వాళ్ళు చేస్తున్నారు. మా బజార్లో దొరికే ఫ్యాన్ స్టిక్కర్ మీద మాత్రం 12 వోల్టులు, ఇన్ని యాంపులు అని తప్ప ఇంకేమీ ఉండదు. సీలింగ్ ఫ్యాన్‌కి 2023 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు గదా, ఈ చిన్న ఫ్యాన్ మీద బేరింగ్ రకం రాయడానికి ఎంత సిరా అవుతుంది?

ఫ్యాన్ పోతే నష్టం ఫ్యాన్‌తోనే పోదు, లోపల వేడి పెరిగి మిగతావీ దెబ్బతింటాయి. పవర్ సప్లైలో కెపాసిటర్లు, అంటే కరెంటును కాస్త నిలవ ఉంచి సాఫీగా అందించే చిన్న డబ్బాలు, వాటి మీద 105 డిగ్రీలు అని ఉంటుంది చూడండి, ఆ వేడి దగ్గర 2,000 గంటలు వస్తుందనుకుంటే, పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపు, పది పెరిగితే సగం. ఉబ్బిపోయిన కెపాసిటర్లు మా రిపేర్ షాపుల్లో జూన్‌లో చూడాలి. కొన్ని వందల రూపాయల ఫ్యాన్ మార్చక వేల రూపాయల బోర్డు పోగొట్టుకుంటాం.

ఇక మా దగ్గర ఇంకో తంటా కూలర్. గడ్డి ప్యాడ్ల కూలర్ లేని ఇల్లు మా విదర్భ ప్రాంతంలో అరుదు. ఆ తడిగాలిలో బొగ్గు దుమ్ము కలిస్తే అది దుమ్ములా ఉండదు, రెక్కల అంచున నల్లటి ముద్దలా అంటుకుంటుంది, ఊదితే పోదు, బ్రష్‌తో గీకాలి. ముద్ద ఒక రెక్క మీద ఎక్కువైతే ఫ్యాన్ వణుకుతుంది, వణికితే బేరింగ్ ఇంకా త్వరగా అరుగుతుంది. కూలర్ గాలి మనుషుల మీదికి రావాలి, కంప్యూటర్ మీదికి కాదు, ఈ మాట మీ పేపర్లో రాలేదు. బ్లోయర్ పెట్టి ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలన్న మాట కూడా రాలేదు, వదిలేస్తే మామూలుకన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. సెట్‌టాప్ బాక్సులో చాలావరకు ఫ్యాన్ ఉండదు, పైనున్న రంధ్రాలే దిక్కు, వాటి మీద అల్లిక గుడ్డ కప్పి దాని మీద బొమ్మ పెట్టేవాళ్ళకి ఏం చెప్పాలో నాకైతే తోచదు.

మెకానిక్‌లు స్టిక్కర్ ఊడదీసి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తారు. కొన్నాళ్ళు పనిచేస్తుంది, తప్పు లేదు, కొత్త ఫ్యాన్ దొరికేదాకా గడుస్తుంది. కొబ్బరినూనె వేసేవాళ్ళూ ఉన్నారు, మా చలికాలానికి అది పేరుకుపోయి ఫ్యాన్ బిగుసుకుంటుంది.

నా అసలు కోపం వారంటీ మీద. మా మేనల్లుడి ల్యాప్‌టాప్ ఏడాది తిరగకుండానే వేడెక్కి ఆగిపోతుంటే సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళాడు. లోపల దుమ్ముంది, వారంటీ వర్తించదు అన్నారు. సరే, మరి మేమే విప్పి శుభ్రం చేసుకోవచ్చా అంటే, సీలు చిరిగితే వారంటీ పోతుంది అన్నారు. విప్పితే పోతుంది, విప్పకపోతే దుమ్ముతో పోతుంది, ఇంక వారంటీ ఎందుకిచ్చినట్టు? కోప్పడితే పాపం కౌంటర్ దగ్గర కూర్చున్న పిల్లాడేం చేస్తాడు, వాడికి ఇచ్చిన కాగితంలో అలాగే ఉంది.

కేంద్రం 2022లో రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు, పేరుతో పోర్టల్ పెట్టింది, మొబైళ్ళు, ఎలక్ట్రానిక్స్ అందులో ఉన్నాయి. ఫోన్ బ్యాటరీ, స్క్రీన్ గురించి అందరూ మాట్లాడతారు, ఫ్యాన్ గురించి ఎవరూ మాట్లాడరు. ముందుగా అరిగేవాటిలో అదొకటి కాబట్టి విడిగా అమ్మాలి, దాని బేరింగ్ రకం, ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు అన్నది డబ్బా మీద రాయాలి, దుమ్ము దులుపుకోవడానికి విప్పితే వారంటీ పోకూడదు. ఈ మూడూ మీరు ఒకసారి గట్టిగా రాయండి. అలాగే వచ్చే ఏడాది జాగ్రత్తల వ్యాసం వేసేటప్పుడు ఆదిలాబాద్, మంచిర్యాల, చంద్రపూర్ లాంటి ఊళ్ళలో పనిచేసే రిపేర్ మెకానిక్‌ని ఒకరిని అడిగి రాయించండి. మా దగ్గర మార్చి చివరికల్లా కూలర్లు బయటికొస్తాయి, ఏప్రిల్‌లో కాకుండా ఫిబ్రవరిలోనే వేస్తే ఇంకా నయం.

ఇట్లు,
మీ పాఠకుడు,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర