కొనేవాడి పేరు దాచండి, లెక్క మాత్రం చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర చిన్న అంగడి నాది. మా అంగడికొచ్చే ఇంజనీరింగ్ పిలకాయలు, యూపీఐ వద్దు సార్, పది రూపాయల టీ తాగినా బ్యాంకుకు తెలిసిపోతాంది, పేరు బయటపడని డిజిటల్ క్యాష్ టోకెన్లే మేలు అంటా ఉంటారు. వాళ్ళన్నదాంట్లో తప్పేం లేదు, ఆస్పత్రి టెస్టు, మందులు, కట్టిన అప్పు అన్నీ స్టేట్‌మెంట్‌లో వరసగా కనిపిస్తే సగం సంసారం చదివేయొచ్చు.

ఈ టోకెన్లు 1980ల్లోనే డేవిడ్ చామ్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. టోకెన్ అంటే డిజిటల్ నోటు, దాని నంబరు మన ఫోనే తయారుచేసి మరుగుపరిచి పంపుతాది, బ్యాంకు ఆ నంబరు చూడకుండానే సంతకం పెట్టి మన ఖాతాలో దుడ్డు తగ్గిస్తాది, రేపు ఆ నోటు అంగట్లోనుంచి తిరిగొస్తే సంతకం తనదేనని తెలుస్తాది గానీ ఎవరికిచ్చిందో తెలీదు. రెండోసారి వాడకుండా చెల్లిపోయిన నంబర్ల లిస్టు ఉంటాది. ఆయన డిజిక్యాష్ కంపెనీ 1998లో దివాలా తీసింది, ఇప్పుడు క్యాషు (Cashu), ఫెడిమింట్ అనే సాఫ్ట్‌వేర్లతో బిట్‌కాయిన్ మీద అదే పద్ధతి నడుపుతాండారు.

తిరకాసు ఏందంటే టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే. బస్టాండులో ఫోన్ కొట్టేసినారు, బ్యాకప్ లేదు, ఎవరికి చెప్పుకునేది? అది మీ దుడ్డేనని చెప్పే రికార్డే యాడా ఉండదు, ఆ రికార్డు వద్దనే కదా మనం అడిగింది! ఇంకోటి, టోకెన్లు ఇచ్చేవాడు తన దగ్గరున్న దుడ్డుకు మించి టోకెన్లు అచ్చేసినా బయటోళ్ళు కనుక్కోవడం కష్టం. చీటీల్లో మునిగినోళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

తిరుమల హుండీలో ఎవరెంత వేసినారో ఎవరూ అడగరు, మొత్తం ఎంతొచ్చిందో మాత్రం పరకామణిలో తేలుస్తారు. టోకెన్లకూ అట్లే ఉండాల. గ్నూ టాలర్ అనే చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌లో కొనేవాడి పేరు కనపడదు, అమ్మేవాడి రాబడి కనపడతాది, పన్ను ఎగ్గొట్టడం కష్టం. నాలాంటి అంగడోడికి కొంచెం చేదే, ఐనా న్యాయమే.

మన రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న జనానికి ఈ-రూపాయి, అంటే తానే ఇచ్చే డిజిటల్ రూపాయి, ట్రయల్ మొదలుపెట్టింది కదా. అందులో ఎంత మొత్తం దాకా గుట్టు ఉంటాది, ఎవరి ఆర్డరుతో చూడొచ్చు, ఫోన్ పోతే దుడ్డు ఎట్లా వెనక్కొస్తాది, ఈ మూడూ తెలుగులో రాసి ప్రతి బ్యాంకు గోడ మీద అంటించమని మీ పేపర్ ద్వారా అడుగుతాండా.

ఇట్లు,
ఒక అంగడి యజమాని, తిరుపతి