పట్టేసిన బోల్టు మీద పైపు తొడగకండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మన పేపర్లో బండ్ల గురించి ఏమొచ్చినా కొత్త మోడలు, మైలేజీ, ఆన్‌రోడ్ రేటు ఇవే ఉంటున్నాయి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ నడుపుకునేవాళ్ళం కూడా చాలామందిమి ఉన్నాం, అందులోనూ మా కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో మా బాధ వేరు, ఆ బాధ పేరు తుప్పు.

మా నాన్నగారి 1999 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ఇప్పటికీ నేనే నడుపుతున్నా. మొన్న చలికాలంలో సైలెన్సర్ బెండు ఇంజిన్‌కి కలిసే చోట పొగ లీకవకుండా ఆపే గ్యాస్కెట్ రింగు పోయి పట్‌పట్‌మని కొట్టడం మొదలెట్టింది. రెండు నట్లు విప్పి రింగు మార్చి బిగించాలి అంతే, 10 నంబరు పానా పని. షాపులో కుర్రాడు నట్టు కదలట్లేదని రింగు పానాకి మూరెడు పైపు తొడిగి ఒక్క లాగు లాగాడు, టక్కుమంది. ఊడిందనుకున్నాడు పాపం, చూస్తే నట్టుతోపాటు సగం స్టడ్డు (ఇంజిన్‌లోకి బిగించి ఉండే తలలేని బోల్టు) చేతిలోకొచ్చింది, మిగతా సగం హెడ్డులో, అంటే ఇంజిన్ పై భాగంలో, ఉండిపోయింది. ఇంక హెడ్డు మార్చాల్సిందే అన్నారు. రెండో నట్టు ముట్టుకోనివ్వకుండా బండి ఇంటికి తోసుకొచ్చేశా.

ఆ కుర్రాడి మీద కోపం లేదండి, వాడికి నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు. కానీ ఆ స్టడ్డు మందం 6 మిల్లీమీటర్లే, మన చిటికెనవేలి కంటే సన్నం. స్టడ్డు ఉక్కు, హెడ్డు అల్యూమినియం, మధ్యలోకి ఉప్పుగాలి తేమ చేరిందంటే అల్యూమినియం తినేసి తెల్లటి పొడి కడుతుంది, పైన నట్టు దగ్గరేమో ఎర్ర తుప్పు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ జాగా తీసుకుంటుంది కదా, మరల మధ్య సందంతా నిండిపోయి బిగుసుకుపోతుంది. దాని మీద పైపు వేస్తే నట్టు తిరగదు, స్టడ్డే మెలిపడి తెగుతుంది.

రెండో నట్టుకి నాకు రెండు రాత్రులు పట్టింది. వైరు బ్రష్షుతో బయటి మరలు మెరిసేదాకా రుద్ది పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే పల్చటి నూనె) కొట్టి వదిలేశా, పొద్దునా సాయంత్రం చిన్న సుత్తితో నట్టు మీద టకటకా తట్టి మళ్ళీ ఆయిల్. మూడోరోజు పెట్రోల్ ట్యాంకు, కార్బొరేటర్ విప్పి దూరంగా పెట్టి గ్యాస్ టార్చితో నట్టునే వేడి చేశా, స్టడ్డుని కాదు, నట్టు వ్యాకోచిస్తేనే కదా సందు వచ్చేది. మంట తీసేశాక వేడి నట్టుకి కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి దిగింది. అప్పుడు ఆరు మూలల బాక్సు పానా వేశా (పన్నెండు మూలల రింగు పానా అరిగిన నట్టు మీద జారుతుంది), ముందు బిగించే వైపు వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు. ఇక్కడ చేతికి తెలియాలండి, పానా మెత్తగా రబ్బరులా సాగుతుంటే వెంటనే ఆపేయాలి, అది స్టడ్డు మెలితిరగడం. కిర్రుమని పొడి చప్పుడు వస్తే విడుతున్నట్టు. నాకు కిర్రుమంది, ఆ చప్పుడు విన్నాక ప్రాణం లేచొచ్చింది.

తర్వాత హెడ్డు విప్పి జగన్నాథపురంలో ఒక పాత లేత్ షాపుకి పట్టుకెళ్ళా. అక్కడ పెద్దాయన చూసి "ఈజీ అవుట్ (తెగిన ముక్కలోకి దింపి వెనక్కి తిప్పే గట్టి ఉక్కు పనిముట్టు) దింపను బాబూ, అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని గీకలేదు" అన్నారు. తెగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి దాని బొక్కలోంచి వెల్డింగ్ దింపారు. ఉక్కుకి ఉక్కు అంటుకుంది, అల్యూమినియానికి అంటుకోలేదు. చల్లారనిచ్చి అటూ ఇటూ కదుపుతుంటే నట్టు ఊడిపోయింది, ఇంకోటి వెల్డ్ చేశారు, అదీ ఊడింది, మూడో నట్టుకి ముక్క బయటికొచ్చేసింది. హెడ్డులో మరలు ఒక్కటి కూడా పోలేదు. పోయినా హెలికాయిల్ అని స్ప్రింగులాంటి తీగ ఎక్కించి అదే సైజు మర మళ్ళీ తెప్పించొచ్చట, హెడ్డు పారేయక్కర్లేదు. కొత్త స్టడ్లకి కాపర్ గ్రీజు రాసి, ఇత్తడి నట్లు వేసి బిగించాం, ఇత్తడి అలా తుప్పుతో పట్టెయ్యదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే ఆ పెద్దాయన లాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు ఉంటారు, వాళ్ళ చేతిలో ఉన్న పని ఎక్కడా రాసి లేదు. ఆదివారం పేజీలో పాత బండ్లకి ఒక పావు పేజీ ఇచ్చి వాళ్ళచేత చెప్పించండి, మొదటి వారం సైలెన్సర్ స్టడ్ల గురించే వెయ్యండి.

ఇట్లు
మీ పాఠకుడు, కాకినాడ