మంత్రి గారూ, ఆ చెక్ సినిమాలు మాకు పెద్ద తెర మీద చూపించండి

సినిమాటోగ్రఫీ మంత్రి గారికి నమస్కారమండీ,

మాది హైదరాబాదే. ఒక్కటే అడుగుతున్నా, 1960ల్లో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు సర్కారు ఉండగానే దాన్ని ఎదిరించి తీసిన సినిమాలు రవీంద్రభారతి పైడి జైరాజ్ హాల్లో ఒక వారం వేయించండి.

1966లో వెరా హితిలోవా అనే ఆవిడ ‘డైసీస్’ తీసింది, కథంటూ పెద్దగా ఏం లేదు, ఇద్దరమ్మాయిలు, ఇద్దరి పేరూ ‘మారీ’ అనే, లోకమంతా చెడిపోయింది కాబట్టి మనమూ చెడిపోదాం అనుకుంటారు, ముసలాళ్ళతో హోటల్ బిల్లు కట్టించి రైలెక్కించి పంపేస్తారు, కత్తెరతో ఒకళ్ళనొకళ్ళు కత్తిరించుకుంటే ఏకంగా తెర మీద బొమ్మే ముక్కలైపోతుంది, చివర్లో ఎవరికోసమో పరిచిన విందుని కాళ్ళతో తొక్కేస్తారు.

1967 మేలో పార్లమెంటులో 21 మంది సభ్యుల తరఫున ఒకాయన లేచి, రైతులు అంత కష్టపడుతుంటే ఇలాంటి సినిమాలకా ప్రభుత్వం డబ్బు అని గొడవ చేశాడు. అన్నం పారేస్తే మనకీ ప్రాణం చివుక్కుమంటుంది, కాదనను. కానీ ఆవిడ సినిమాలోనే చెప్పేసింది కదండీ, తొక్కేసిన ఆకుకూర మడిని చూసి మాత్రమే కోపమొచ్చేవాళ్ళకి ఇది అంకితం అని, ఆ అక్షరాల వెనక బాంబులకి కూలిపోయిన ఊళ్ళు కనిపిస్తుంటాయి. అది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాక అంతా మారిపోయింది. జిరి మెంజెల్ అనే డైరెక్టర్ 1969లో తీసిన ‘లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్’ని సర్కారు ఆపేస్తే జనం ముందుకొచ్చింది 1990లో, అదే ఏడు బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్లో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. హితిలోవాకైతే ఏళ్ళ తరబడి సినిమా చెయ్యనివ్వలేదు, ఆవిడ దేశం వదిలిపోకుండా 1975లో నేరుగా అధ్యక్షుడు గుస్తావ్ హుసాక్‌కే ఉత్తరం రాసింది, నేను సోషలిజాన్ని నమ్మేదాన్నే, నన్ను పని చేసుకోనివ్వండి అని. తర్వాతే ‘ది ఆపిల్ గేమ్’ తియ్యగలిగింది. ఆ ఉత్తరం సంగతి తెలిశాకే మీకు రాయాలనిపించింది.

ఇవన్నీ నేను ఫోన్లో చూశానండీ, ఆ రంగులు, ఆ కటింగ్ అరచేతిలో పట్టేవి కావు. సినిమా నేర్చుకునే మన పిల్లలు, ముఖ్యంగా డైరెక్షన్ చెయ్యాలనుకునే అమ్మాయిలు, హాల్లో పదిమంది మధ్య కూర్చుని చూడాలి. పర్మిషన్లు, హక్కులు మీ శాఖ చూసుకుంటే చాలు, తెలుగు సబ్‌టైటిల్స్ నేను రాసిస్తా, పైసా వద్దు.