ట్యాంకు దగ్గర కాదు, చివరి కుళాయి దగ్గర చూడండి: పురపాలక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

వానలు మొదలయ్యాయంటే ఏదో ఒక చిన్న ఊరి నుంచి వాంతులు, విరేచనాల వార్త రావడం మామూలైపోయింది. ఆ తర్వాత జరిగేది అందరికీ కంఠతా వచ్చు. బళ్లో మెడికల్ క్యాంపు, వీధికో నీళ్ల ట్యాంకరు, ఓవర్‌హెడ్ ట్యాంకు కడుగుతున్నట్టు ఫొటో, ఒక అసిస్టెంట్ ఇంజనీరు(ఏఈ)కి మెమో. మీరు వస్తున్నారని కబురందితే మురుగు కాలువ గట్టు వెంట తెల్లటి గీత కూడా పడుతుంది. ఆ పొడిలో సున్నం పాలే ఎక్కువ. అసలు బ్లీచింగే అయినా రోడ్డు మీద దానికి పనేమీ లేదు. పని నీళ్లలో ఉంది. ఆ నీళ్లు కూడా సాధారణంగా ట్యాంకులో చెడవు. ఇంటి గడప ముందు, ఆఖరి ఇరవై అడుగుల్లో చెడతాయి. ఈ లేఖ ఆ ఇరవై అడుగుల గురించే.

వీధిలో పంపిణీ లైను ఒక పక్కనే ఉంటుంది. పాత లైనైతే ఆస్బెస్టాస్ సిమెంటు, కొత్తదైతే ప్లాస్టిక్ (పీవీసీ లేదా హెచ్‌డీపీఈ). దాని మీద సాడిల్ అనే పట్టీ బిగించి, దానికి ఇంటికి నీళ్లు మళ్లించే ఇత్తడి మూతి (ఫెర్రూల్) పెట్టి, జింకు పూసిన అరంగుళం ఇనుప (జీఐ) పైపుతో ఇంటికి కనెక్షను ఇస్తారు. ఇంటికీ రోడ్డుకీ మధ్య సైడు కాలువ ఉంటుంది కాబట్టి పైపు దాన్ని దాటాలి. పైనుంచి దాటిస్తే కాలికి తగులుతుందని, అడుగు నుంచి దాటించాలంటే కాలువ పగలగొట్టాలని, కాలువ నడిమధ్యనే గోడ నుంచి గోడకి తోసేస్తారు. ఎక్కువ ఊళ్లలో కనిపించేది ఇదే. మురుగు ఒకపూట పైపుని ముంచుతుంది, ఒకపూట వదిలేస్తుంది. ఈ తడీపొడీ మధ్య, ముఖ్యంగా గోడలోకి దూరే చోట, మరమేసిన జాయింటు దగ్గర, జీఐ మీది జింకు పూత పోయి తుప్పు పడుతుంది. కొన్నేళ్లకి గుండుసూదంత బెజ్జం. పైన మడ్డి పేరుకుపోయి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు.

నీళ్లు వదిలినంతసేపూ ఆ బెజ్జంలోంచి మంచినీళ్లు కాలువలోకి పోతాయి. అప్పుడు ప్రమాదం లేదు, నష్టమే. వాల్వు కట్టేశాకే అసలు కథ. లైనులో మిగిలిన నీళ్లు పల్లపు వీధికి జారిపోతాయి, మెరక వీధి పైపుల్లో శూన్యం ఏర్పడుతుంది, ఆ శూన్యం ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లాక్కుంటుంది. మురుగులో మునిగిన బెజ్జం దానికి దగ్గర దారి. మనిషికి రోజుకు 135 లీటర్లని కాగితాల మీద ఎంత రాసుకున్నా, చిన్న పట్టణాల్లో నీళ్లొచ్చేది రోజుకు గంటో, గంటన్నరో. వేసవిలో రోజు విడిచి రోజు. అంటే ఇరవై రెండు గంటలకు పైగా పైపు ఖాళీగా, మురుగులో నానుతూ ఉంటుంది. పొద్దున్నే కుళాయి తిప్పగానే మొదటి రెండు బిందెలు వాసనొస్తున్నాయని ఆడవాళ్లు చెబితే, 'లైను ఖాళీగా ఉంది కదమ్మా, కాసేపు వదిలెయ్యండి' అంటాం. ఆ మాటతోనే ఫిర్యాదు మూసేస్తాం. నిజానికి ఆ రెండు బిందెలే జబ్బుని మోసుకొస్తున్నాయి. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు అందరి నోటా నలిగిన మాట కూడా తాగునీటి పైపుల్లో మురుగు కలవడమే.

మురుగు దూరే దారులు ఇంకా ఉన్నాయి. ప్రెషరు చాలని వీధుల్లో జనం ఇంటి ముందు గుంట తవ్వి, కుళాయిని నేలకంటే రెండడుగులు కిందికి దించుకుంటారు. ఆ గుంటలో గిన్నెలు కడిగిన నీళ్లు, వాన నీళ్లు నిలుస్తాయి. కుళాయికి తల ఉండదు, మూతి ఆ నీళ్లలోనే మునిగి ఉంటుంది. సరఫరా ఆగగానే గుంట నీళ్లు వెనక్కి లైనులోకి పోతాయి. అరహెచ్‌పీ మోటారు నేరుగా కనెక్షనుకే బిగించుకున్న ఇల్లు తన వాటా ఒక్కటే లాక్కోదు. పక్కింటి కాలువలోని బెజ్జం నుంచి మురుగునీ లాగుతుంది. వాల్వు చాంబర్లు మరో బెడద. మూత పగిలి మురుగుతో నిండిన చాంబరులో లైనుని కట్టే స్లూయిస్ వాల్వు మునిగి ఉంటుంది, దాని కాడ చుట్టూ నీళ్లు కారకుండా ఆపే గ్లాండులో తాడు అరిగిపోయి ఉంటుంది. లైను ఖాళీ కాగానే చాంబరు నీళ్లు గ్లాండు చుట్టూ లోపలికి దిగుతాయి. మార్చాల్సింది చారెడు తాడు, అంతే.

ఇక బ్లీచింగు సంగతి. తాజా పొడిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. పాతిక కేజీల బస్తా మూతి విప్పి పంపుహౌసులో తడి నేల మీద పడేస్తే, మన ఎండకి, తేమకి అది వారాల్లో పడిపోతుంది. లెక్క చూడండి: రెండు లక్షల లీటర్ల ట్యాంకుకి లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున 200 గ్రాముల క్లోరిన్ కావాలి. పొడి 33 శాతముంటే 600 గ్రాములు చాలు. 20 శాతానికి పడిపోయి ఉంటే కేజీ పడుతుంది. రిజిస్టరులో మాత్రం ఏడాది పొడుగునా ఒకటే అంకె. డెల్టా ఊళ్లలో ఇది మరీ ఘోరం. ఏప్రిల్‌లో సాగునీటి కాలువలు కట్టేశాక సమ్మర్ స్టోరేజ్ చెరువులో నీళ్లు పచ్చబడతాయి. ఆ నాచు క్లోరిన్‌ని ముందే తినేస్తుంది కాబట్టి అదే మోతాదు వేసినా కుళాయి దాకా మిగిలేది సున్నా. కాలువలు తిరిగి వదిలాక వచ్చే ఎర్రనీళ్లదీ అదే పరిస్థితి. పటిక మోతాదు జార్ టెస్టు చేసి (గాజు పాత్రల్లో వేర్వేరు మోతాదులు వేసి చూసి) పెంచకపోతే ఫిల్టరు బెడ్లు బురద పట్టి, ఆ బురద వెనకాల సూక్ష్మజీవులు దాక్కుంటాయి.

వేసే తీరులోనూ తప్పుంది. నిచ్చెనెక్కి పొడిని నేరుగా ట్యాంకులో గుమ్మరిస్తే సున్నం అడుక్కి దిగిపోతుంది, క్లోరిన్ ఒక మూలనే ఉండిపోతుంది. మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు ముద్దగా కలపాలి. నీళ్లు పోసి బాగా తిప్పి పది నిమిషాలు ఆగాలి. పైన తేరిన నీళ్లను ట్యాంకు నిండుతున్నప్పుడు, నీళ్లు పడే ధారలోనే పొయ్యాలి. అడుగున మిగిలిన సున్నం ట్యాంకులోకి వెళ్లకూడదు. ఆ తర్వాత కనీసం అరగంట ఆగి గానీ అవుట్‌లెట్ వాల్వు విప్పకూడదు. ఈ అరగంటే దొరకదు. ఒక పక్క ట్యాంకు నిండుతుంటే మరో పక్క సరఫరా నడుస్తుంటుంది. ఒకే ట్యాంకు మీద మూడు జోన్లుంటే ఫిట్టరు మాత్రం ఏం చేస్తాడు? పంపింగు వేళ ఒక గంట ముందుకి జరిపితే సరిపోయే చోట్లు చాలా ఉన్నాయి. అందుకు కొత్త ట్యాంకు అక్కర్లేదు, రాత్రి డ్యూటీకి మనిషి కావాలి.

పరీక్ష అసలు చెయ్యడం లేదని కాదు, చేసే చోటే తప్పు. ట్యాంకు కింద మొదటి కుళాయి దగ్గర నీళ్లు పడితే అంకె ఎప్పుడూ బాగానే ఉంటుంది. తాగునీటికి దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది ఇంట్లో నీళ్లు పట్టుకునే చోట. అదీ పైపు మెడ కాదు, తోక. క్లోరిన్‌ని రంగుతో చూపే ఆర్థోటాలిడిన్ చుక్కలతో చూసేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. పసుపు రంగు పది సెకన్లలోపు చూస్తేనే స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్ తెలుస్తుంది. ఐదు నిమిషాలాగి చూస్తే మురుగుతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగు చూపిస్తుంది. పెద్దగా పని చెయ్యనిదాన్ని పని చేస్తున్నదిగా రాసుకుంటాం. ఆ ద్రావణం చేతికి మంచిది కూడా కాదు. గులాబీ రంగు చూపే డీపీడీ మాత్రల కిట్టు ప్రతి వార్డు సచివాలయానికీ ఇవ్వండి. నీళ్లు, రోడ్ల వంటివి చూసే ఎమెనిటీస్ సెక్రటరీ పోస్టులు 2019లో అక్కడ వచ్చాయి. నీళ్లొచ్చే వేళకి వాళ్లు వీధిలో ఉండి మూడు చోట్ల, అంటే ట్యాంకు దగ్గరి ఇల్లు, నడిమి ఇల్లు, చిట్టచివరి ఇల్లు, మొదటి నిమిషం నీళ్లు ఒకసారి, పదో నిమిషం నీళ్లు ఒకసారి పట్టి చూస్తే చాలు.

ఆ ఆరు అంకెలతోనే చెడింది ఎక్కడో చాలావరకు తేలిపోతుంది. ట్యాంకు దగ్గరే తక్కువుంటే బ్లీచింగు లోపం. మొదటి ఇంట్లో 0.5 ఉండి చివరింట్లో సున్నా అయితే మధ్యలో లైను చూడాలి. వీధంతా బాగుండి ఒక్క ఇంట్లోనే సున్నా అయితే ఆ ఇంటి కనెక్షనే తప్పు. మొదటి నిమిషం సున్నా, పదో నిమిషం మంచి అంకె వస్తే వాల్వు కట్టేశాక మురుగు దూరుతోందని అనుమానించాలి. అనుమానమున్న చోట హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) పరీక్ష సీసాలో నీళ్లు పట్టి పెడితే, ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందంటే మలం కలిసిందని గట్టిగా అనుమానించాలి. లీకు వెతకడానికీ పెద్ద యంత్రం అక్కర్లేదు. తెల్లవారుజామున, ఇళ్లల్లో ఇంకా నీళ్లు వాడని వేళ సరఫరా ఇచ్చి కాలువ వెంట నడవాలి. కాలువ ఎగువన ఎండి ఉండి, ఒకచోటి నుంచి తేట నీళ్లు పారుతుంటే లీకు ఆ చోటున్న పైపులోనే.

బాగుచెయ్యడం ఎవరి పని అన్నదే అసలు చిక్కుముడి. ఫెర్రూల్ దాకా మున్సిపాలిటీది, అక్కడి నుంచి ఇంటివాళ్లదన్నది ఆనవాయితీ. ఇంటాయన 'కాలువ మీది, పైపు మీ మనిషే వేశాడు' అంటాడు. ఇద్దరి మధ్యా కాలువలోని పైపు ఎవరిదీ కాకుండా పోతుంది. ఒకింటి బెజ్జం వీధి మొత్తానికి జబ్బు తెస్తున్నప్పుడు దాన్ని ఆ ఇంటివాడి సొంత ఆస్తిగా చూడటంలో అర్థం లేదు. ఇంటి గోడ దాకా మున్సిపాలిటీదే బాధ్యతని ఒక జీవో ఇవ్వండి.

పని పెద్దది కాదు. నలభై ఇళ్ల వీధికి, ఇంటికి ఎనిమిది మీటర్ల చొప్పున 320 మీటర్ల 20 మిల్లీమీటర్ల ఎండీపీఈ ప్లాస్టిక్ పైపు, నలభై సాడిళ్లు, నలభై ఫెర్రూళ్లు, అంతకు రెట్టింపు, పైపుల్ని కలిపే కంప్రెషన్ కప్లింగులు. చేయి తిరిగిన ఫిట్టరు, ఇద్దరు సహాయకులతో రోజుకు ఐదారు కనెక్షన్లు మారుస్తాడు. చూడాల్సిందల్లా రెండే. పైపు కాలువ అడుగు కిందనుంచి పెద్ద తొడుగు పైపులో పోవాలి, లేదా మురుగు ఎప్పుడూ అందనంత ఎత్తున గోడ మీదుగా పోవాలి. కాలువ వెడల్పులో జాయింటన్నదే ఉండకూడదు. కాంట్రాక్టరు ముక్కలు మిగిలిపోయాయని సరిగ్గా కాలువలోనే కలుపుతాడు. పూడ్చకముందు కొలత పుస్తకంలో రాసేవాళ్లు చూడాల్సింది అదే.

పూడికతీత ముఠాతో ఫిట్టరు కూడా వెళ్లాలన్న ఆదేశం ఒకటి కావాలి. జేసీబీ పన్ను తగిలి పైపు తెగితే ఇప్పుడు సైకిలు ట్యూబు చుట్టి పోతున్నారు. తాత్కాలికమని చుట్టిన ట్యూబులు ఏళ్ల తరబడి ఉంటున్నాయి. ఇందులో ఫిట్టరు తప్పు తక్కువ. అతని దగ్గర కప్లింగు లేదు. ఎస్టిమేటు, మంజూరు, కొనుగోలు అని తిరిగొచ్చేసరికి నెల పడుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో అప్పుకి తెద్దామంటే, ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కిన బిల్లు ఎప్పుడు దిగుతుందో తెలియక దుకాణదారు దండం పెట్టేస్తున్నాడు. అందుకే చాలాచోట్ల ఫిట్టర్లు సొంత జేబులోంచి కొంటున్నారు. ఔట్‌సోర్సింగ్ జీతంతో బతికే మనిషికి అది చిన్న భారం కాదు. ఏఈ చేతిలో కొంత శాశ్వత అడ్వాన్సు ఉంచి, ప్రతి ట్యాంకు దగ్గర ఒక పెట్టెలో సాడిళ్లు, ఫెర్రూళ్లు, కప్లింగులు, రిపేరు క్లాంపులు, గ్లాండు తాడు ఉండేలా చెయ్యండి. వాడినదాన్ని రాయించండి, నెలనెలా నింపించండి.

మోటార్ల మీద దాడులు చేసి పట్టుకెళ్లడం వల్ల వారం రోజులే ఫలితం. చివరింటికి ప్రెషరు వచ్చిననాడు మోటారూ పోతుంది, గుంటా పూడుతుంది. జోనులో ముందు మెరక వీధులకి, తర్వాత పల్లపు వీధులకి వేరుగా వదిలేలా వాల్వుల వేళలు మారిస్తే చాలా వీధులకి నీళ్లెక్కుతాయి. వాల్వులు మాత్రం మెల్లిగా తిప్పమనండి. గబుక్కున కట్టేస్తే ఆ దెబ్బకి పాత ఆస్బెస్టాస్ లైను పగిలిపోతుంది.

ఇదంతా వర్షాకాలంలో మొదలుపెడితే సాగదు. కాలువలు నిండి ఉంటాయి, తవ్విన గుంతలో మురుగే ఊరుతుంది. జనవరిలో ప్రతి వార్డులో కాలువ దాటే కనెక్షన్లను లెక్కపెట్టించండి. ఫిబ్రవరికి సామాను ఊళ్లకి చేరాలి. జబ్బులు వచ్చిన వీధులతో మొదలుపెట్టి మే ఆఖరుకి ముగించవచ్చు. అప్పటిదాకా కమిషనర్ల నెలవారీ సమీక్షలో ట్యాంకులు కడిగిన తేదీల పట్టిక పక్కన చివరింటి మొదటి నిమిషం అంకెల పట్టిక కూడా ఒకటి పెట్టించండి. సున్నా రాసినవాళ్లకి మెమో ఇవ్వకండి. ఇస్తే మరుసటి నెల నుంచి అన్నిచోట్లా 0.2 అనే వస్తుంది.

ఇట్లు,
చిన్న పట్టణాల నీటి సరఫరా పని తెలిసిన కొందరం