ఎలక్ట్రిక్ గిటార్‌లో చెక్కకు అంత ఖరీదు ఎందుకు?

సంపాదకుడికి,

అయ్యా,

ఎలక్ట్రిక్ గిటార్ కొనేవాళ్లకు సలహాలిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో మహాగని బాడీకి గాఢమైన నాదం, ఆల్డర్ చెక్కకు తేట నాదం వస్తాయని, చెక్క దగ్గర డబ్బుకు వెనకాడొద్దని రాశారు. ఆ మాట వీణకు చెల్లుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు మాత్రం దాదాపుగా చెల్లదు.

బొబ్బిలి వీణలో పనస చెక్కను తొలిచిన కుండ అదిరి, గాలిని కదిలిస్తేనే నాదం మన చెవికి చేరుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో గాలిని కదిలించేది ఆంప్ (యాంప్లిఫైయర్)లోని స్పీకరు. తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతమూ, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లూ. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. బాడీ ఏ చెక్కదో పికప్‌కు పట్టదు. షాపులో ఆంప్‌కు తగిలించకుండా గిటార్‌ను చెవి దగ్గర పెట్టుకుని మీటి, ‘చెక్క భలే మోగుతోంది’ అని మురిసిపోవడం వల్ల తెలిసేది చాలా తక్కువ.

ప్రభావం పూర్తిగా సున్నా అని కాదు. తీగ ఒక కొసన బాడీ మీది బ్రిడ్జి మీద, మరో కొసన నెక్ (వేళ్లతో తీగలు నొక్కే మెడ) చివరి నట్ మీద ఆనుతుంది కాబట్టి, దాని శక్తి కొంత అటూ ఇటూ జారుతుంది. అయితే నాలుగున్నర సెంటీమీటర్ల మందమున్న బాడీ దాని వల్ల కదిలేది అత్యల్పం. నెక్ సంగతి వేరు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది కనుక అదే ఎక్కువ ఊగుతుంది. మీటిన స్వరం పౌనఃపున్యం నెక్ సహజ కంపనంతో కలిసిన చోట తీగ శక్తిని నెక్ లాగేసుకుంటుంది, ఆ స్వరం చప్పున ఆరిపోతుంది. దీన్నే డెడ్ స్పాట్ అంటారు. బేస్ గిటార్లలో మొదటి తీగ (అన్నిటికన్నా సన్నది) మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ (నెక్ మీది లోహపు మెట్టు) మధ్య ఇది తరచూ కనిపిస్తుంది. శ్రుతి మరలుండే నెక్ కొసకు, అంటే హెడ్‌స్టాక్‌కు, గుడ్డముక్క అడ్డుపెట్టి 100–200 గ్రాముల క్లాంప్ బిగిస్తే నెక్ కంపన పౌనఃపున్యం తగ్గి, ఆ డెడ్ స్పాట్ పక్కకు జరుగుతుంది. ఖరీదైన బాడీ చెక్కతో ఇది పోదు.

చరిత్ర చూసినా అంతే. ఫెండర్ కంపెనీ తొలి నమూనాలు పైన్‌తో చేసినవి. తర్వాత యాష్ వచ్చింది, 1956 ప్రాంతంలో ఆల్డర్‌కు మారారు. డాన్‌ఎలెక్ట్రో గిటార్లకు పైనా కిందా హార్డ్‌బోర్డు పలకలే. 1969లో ఆంపెగ్ తెచ్చిన డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ గిటార్ బాడీ పారదర్శకమైన ప్లాస్టిక్. వాటితో వాయించినవాళ్లకు నాదం కరువేమీ రాలేదు.

మరి తేడా ఎక్కడ పుడుతుంది? ముందు కేబుల్ చూడండి. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్ ఇండక్టెన్స్ 2.5 హెన్రీలు, కేబుల్ కెపాసిటెన్స్ మీటరుకు 100 పికోఫారడ్‌లు, లోపలి వైర్లకు మరో 100 అనుకుందాం. 5 మీటర్ల కేబుల్‌తో రెజొనెన్స్ (పికప్ అన్నిటికన్నా గట్టిగా పలికే పౌనఃపున్యం) సుమారు 4.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అదే కేబుల్ 10 మీటర్లయితే 3 కిలోహెర్ట్జ్‌కు దిగిపోతుంది. కేబుల్ పొట్టిదైతేనో, కేబుల్ భారం పికప్ మీద పడకుండా గిటార్ పక్కనే బఫర్ పెడల్ పెడితేనో తప్ప పై స్వరాల తళుకు తిరిగి రాదు. తర్వాత వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ గుబ్బ కింది పొటెన్షియోమీటర్). 500 కిలోఓంలు అని ముద్రించిన పాట్ 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 400 కావచ్చు, 600 కావచ్చు. విలువ తగ్గితే పై స్వరాల మెరుపు తగ్గుతుంది. మల్టీమీటర్‌తో కొలిచి పెట్టుకోవాలి.

పికప్ ఎత్తు సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పికప్ అయస్కాంతం దాకా స్టీలు స్కేలుతో కొలవండి. సింగిల్ కాయిల్‌కు ఆరో తీగ వైపు 2.4 మి.మీ., మొదటి తీగ వైపు 2 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, చెవి చెప్పినట్టు మార్చుకోవచ్చు. మరీ దగ్గర పెడితే అయస్కాంతం తీగను లాగి, పన్నెండో ఫ్రెట్ పైన ఆరో తీగ శ్రుతి తప్పినట్టు వణుకుతుంది. ఆ దోషాన్ని బ్రిడ్జి మీదకో చెక్క మీదకో నెట్టేసేవాళ్లు చాలామంది.

రెండు చెక్కల్ని పోల్చామని చెప్పే పరీక్షల్లో చాలావాటికి తూకం ఉండదు. పికప్ వేరు, తీగల వయసు వేరు, మీటిన చోటు వేరు. మీటే చోటు రెండు సెంటీమీటర్లు బ్రిడ్జి వైపు జరిగినా అనుస్వరాల (హార్మోనిక్స్) పాళ్లు మారిపోతాయి. బాడీని పిక్‌తో తడితే ఆంప్‌లో ‘టక్’మని గట్టిగా వినిపిస్తే మాత్రం, పికప్ చుట్లు మైనం పట్టక వదులుగా ఉన్నాయని అర్థం. అలాంటి పికప్‌కు బాడీ చప్పుడు కొంత చేరుతుంది. కానీ అది మరమ్మతు చేయించాల్సిన లోపం.

కొనేటప్పుడు చెక్క గురించి అడగాల్సినవి వేరే ఉన్నాయి. బాడీ బరువెంత? నెక్ బాగా ఆరిన చెక్కేనా? కోస్తా తేమ నుంచి ఏసీ గదిలోకి వెళ్లాక ఫింగర్‌బోర్డు కుంచించుకుని, ఫ్రెట్ అంచులు చేతికి గుచ్చుకుంటాయి. కాబట్టి నెక్ అంచు వెంట వేలు జార్చి చూడండి. తర్వాత మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, ఆరో తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు 0.25 మి.మీ. అటూ ఇటూ ఉంటే సరే. మిల్లీమీటరు దాకా ఉండి, ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) మర అప్పటికే చివరికంటా బిగిసి ఉంటే ఆ గిటార్ తీసుకోకండి, బాడీ ఏ చెక్కదైనా సరే.

– గిటార్ల మరమ్మతు పనిలో ఉన్న ఒక పాఠకుడు, విశాఖపట్నం