కనెక్టర్ దగ్గర నిప్పురవ్వ మామూలేం కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎలక్ట్రిక్ సైకిళ్ల గురించి బాగానే రాస్తున్నారు కానీ, బ్యాటరీ తగిలించగానే టప్పుమని లేచే నిప్పురవ్వ గురించి ఎవరూ రాయరేం? నాది 48 వోల్టుల సైకిల్. ఏడాదిలో రెండు కనెక్టర్లు మాడిపోయాయి, షాపులో అడిగితే ‘మామూలే సార్’ అన్నారు.

మోటారును నడిపే కంట్రోలర్‌లో ఖాళీగా ఉన్న కెపాసిటర్లు (చార్జ్‌ను కాసేపు దాచుకునే భాగాలు) ఆ క్షణంలో దాదాపు షార్ట్ సర్క్యూట్‌లాగే కరెంటు లాగేస్తాయి, అదీ అసలు సంగతి. మధ్యలో ఒక హాట్‌స్వాప్ బోర్డు పెట్టుకుంటే అందులోని మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ కుళాయిలా మెల్లగా తెరుచుకుని కరెంటును అదుపులో ఉంచుతుంది.

కొనేటప్పుడు మాత్రం 48 చూసి మోసపోకండి, 13 సెల్స్ వరుసగా ఉన్న లిథియం ప్యాక్ ఫుల్ చార్జ్‌లో 54.6 వోల్టులు ఉంటుంది, కాబట్టి బోర్డు అంతకంటే ఎక్కువ తట్టుకునేదే కావాలి. ముందు కంట్రోలర్ వైపు వైర్లు బిగించి, ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకుని (నేను ఒకసారే చూశా, ఒక బోర్డు పోయింది), ఆఖర్న బ్యాటరీ తగిలించాలి. కెపాసిటర్లు నిండేదాకా, అంటే ఒకట్రెండు సెకన్లు, యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. సగం తెరుచుకున్న మాస్‌ఫెట్ మీద మోటారు లోడు పడితే అది వేడెక్కి కాలిపోతుంది.

అమ్మేవాళ్లే ఇది బిగించి ఇస్తే మాకీ తిప్పలు ఉండవు కదా.

– ఒక పాఠకుడు, గుంటూరు