దేవరకొండ బడిలో సైబర్ పాఠం: గ్రూప్‌లో ఉన్న అధ్యాపక మిత్రులకు

అందరికీ నమస్తే. శనివారం దేవరకొండ దగ్గర జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి పాఠం చెప్పి వచ్చాం. కరెంటు లేకపోవడంతో స్లైడ్లు పక్కన పెట్టి, సుద్దముక్కతోనే మొదలుపెట్టాం.

నాలుగంకెల పిన్ ఎన్ని రకాలుగా పెట్టొచ్చని అడిగితే ఒక అమ్మాయి లేచి 10ని నాలుగుసార్లు గుణించి 10,000 అని రాసింది. ఆరంకెలైతే 10 లక్షలు. ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలైతే 20 వేల కోట్లకు పైనే అనగానే క్లాసంతా నోరెళ్లబెట్టింది. ఘాతాంకాలు చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

తర్వాత ఒక బాబు మెల్లగా చెప్పాడు: వాళ్ల నాన్న ఫోన్లో ఓటీపీ చెప్పేసరికి పత్తి డబ్బులు పోయాయట. ఎంత గట్టి పాస్‌వర్డ్ ఉన్నా, మనమే చెప్పేస్తే లాభం లేదు కదా. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు బయటికి పోకుండా ఆపే అవకాశం ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు చాలా బాధేసింది. ఇకనుంచి ప్రతి బడిలో పాఠం ఆ నంబర్‌తోనే మొదలుపెడదాం.

ఒక ముఖ్యమైన మాట. పిల్లల జవాబు పత్రాల ఫోటోలు ఈ గ్రూప్‌లో పెట్టారు, పేర్లతో సహా. దయచేసి ఈరోజే తీసేయండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం సంగతి అటుంచి, భద్రత నేర్పే మనమే ఇలా చేయకూడదు. షీట్‌లో పేరు బదులు కోడ్ నంబర్ చాలు.

వచ్చేసారి తండాల పిల్లలు ఎక్కువ. లంబాడీ మాట్లాడగలిగినవాళ్లు ఒక్కరైనా రండి. బుధవారంలోగా చెప్పండి.